రౌతు కొద్దీ గుఱ్ఱమా, రొక్కం కొద్దీ గుఱ్ఱమా?

ఎక్కువ ధర పలికే కారే గొప్ప కారన్న నమ్మకం మనవాళ్ళలో ఎంత గాఢంగా పాతుకొన్నదంటే, దాన్ని ప్రశ్నించినవాణ్ణి అసూయాపరుడిగా జమకట్టడం రివాజయింది. అందని ద్రాక్షపండ్లు పుల్లన అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సరే, ఆ నింద నెత్తిన వేసుకొనే వ్రాస్తున్నాను. కోట్ల ఖరీదుచేసే స్పోర్ట్స్ కారుకు కొనుగోలుదారు చెల్లించే సొమ్ములో పెద్దవాటా వేగానికి కాదు, అది ఇతరుల దగ్గఱ లేకపోవడానికి.

2008 సంగతి చూడండి. నిస్సాన్ జీటీ-ఆర్ అమెరికాలో 69,850 డాలర్లకు అమ్మకానికి వచ్చింది. అదే ఏప్రిల్‌లో, జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు చుట్టును ఆ కారు 7 నిమిషాల 29 సెకన్లలో పూర్తిచేసిందని నిస్సాన్ ప్రకటించింది. అప్పటి పోర్షే 911 టర్బో ధర లక్షా ఇరవై వేల డాలర్ల పైమాటే. పోర్షేవారు ఊరుకోలేదు. తామే ఒక జీటీ-ఆర్‌ను కొని నడిపి చూశామనీ, 7 నిమిషాల 54 సెకన్లకంటే తగ్గలేదనీ ఆరోపించారు. నిస్సాన్ ఖండించింది. ఎవరి మాట నిజమన్నది అటుంచండి. దాదాపు సగం ధర బండిని కొనితెచ్చి, గడియారం పట్టుకొని కూర్చోవలసిన కంగారు ఆ మహారాజులకెందుకు కలిగింది?

ఆ తరువాతి కథ మఱింత వినోదం. 2023లో బ్రిటన్‌లో ఎంజీ4 ఎక్స్‌పవర్ అనే విద్యుత్తు హ్యాచ్‌బ్యాక్ 36,495 పౌండ్లకే వచ్చింది. నిలుచున్నచోటి నుంచి నాలుగు సెకన్లలోపే వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకొంటుందది. అంకెలు బజారున పడ్డాయి. వెంటనే వాదం మారింది. "అంకెల్లో ఏముందండీ, అనుభూతి ముఖ్యం" అంటున్నారు. తమ చేతిలో ఉన్నన్నాళ్ళు అంకెలే ప్రమాణం, చేజారాక అనుభూతి ప్రమాణం! మాట సరైనదే. పలికే నోరే తప్పు.

ఎందుకంటే అనుభూతి పరీక్షలో నెగ్గినది మాజ్దా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన ఆ రెండు సీట్ల బండికి 1.6 లీటర్ల ఇంజను, 116 అశ్వశక్తి, టన్నుకంటే తక్కువ బరువు. అమెరికాలో ధర 13,800 డాలర్లు. మాజ్దావారు చెప్పుకొనే సూత్రం "జిన్బా ఇత్తై", అనగా గుఱ్ఱమూ రౌతూ ఒకే దేహం. రౌతు కొద్దీ గుఱ్ఱమన్న మన సామెతకు జపానులో తోబుట్టువన్నమాట. ఆ 116 గుఱ్ఱాలనూ ఒక మామూలు చోదకుడు మామూలు దారిమీద కడదాకా పరుగెత్తించగలడు. 2016 నాటికి పది లక్షల బళ్ళు తయారయ్యాయి.

మఱి 2020లో వచ్చిన 911 టర్బో ఎస్? 650 అశ్వశక్తి, 2.7 సెకన్లలో వంద. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుమీద గరిష్ఠవేగం 120. నాలుగు సెకన్లలో చట్టం అయిపోతుంది, మిగిలిన శక్తి బ్యాంకు లాకరులో నగలాగా పడివుంటుంది. నా పాత స్విఫ్టులో శ్రీశైలం ఆనకట్ట దగ్గఱి మలుపులు దిగుతూ, రెండో గేరా మూడో గేరా అని నేను పడే తర్జనభర్జనలో ఉన్న రుచి ఆ లాకరులో దొరకదు. (అక్కడ వేగం నలభై దాటదు, గాభరాపడకండి.)

"చవక బండికి వంశమేదీ?" అంటారు. 1948లో పోర్షే 356 పుట్టినది సామాన్యుల కారైన ఫోక్స్‌వాగన్ భాగాలతోనే. వంశవృక్షం వేళ్ళదాకా తవ్వితే ఇబ్బంది వాళ్ళకే.

న్యాయంగా ఒప్పుకోవలసినదీ ఉంది. చుట్టు వెంబడి చుట్టు తిప్పినా సెగకు లొంగని బ్రేకులు డబ్బుతోనే వస్తాయి. రేసుట్రాకుకు వెళ్ళేవాడు కొనుక్కోనీ, నమస్కరిస్తాను. జూబ్లీహిల్స్‌లో స్పీడ్ బ్రేకరు ఎదుట, అడుగు రాసుకొంటుందేమోనని కారును ఏటవాలుగా నడిపేవాడికి మాత్రం ఆ బ్రేకుల ఊసెందుకు? ఫెరారీ 2023లో అమ్మినవి మొత్తం 13,663 కార్లు. ప్రత్యేక నమూనాలైతే ముందే ఫెరారీలున్నవారిలో కొందఱిని తానే ఎంచి ఇస్తుంది. దాన్ని సరుకు అనరు, సభ్యత్వం అంటారు.

చవకదనమూ శాశ్వతం కాదు. అదే జీటీ-ఆర్ 2016లో సుంకాలన్నీ కలుపుకొని మన దేశానికి 1.99 కోట్లకు దిగింది. 2025 ఆగస్టులో తయారీ ఆగేనాటికి అమెరికాలోనూ లక్షా ఇరవై వేల డాలర్లు దాటింది. ఎంఎక్స్-5నైతే మనకు అమ్మనే లేదు.

అయితే మనకంటూ వచ్చినవీ లేకపోలేదు. 2015లో ఫియట్ అబార్త్ పుంటో, 145 అశ్వశక్తి, 9.95 లక్షలు. 2018లో కోయంబత్తూరు జయేమ్‌వారితో కలిసి టాటా చేసిన టియాగో జేటీపీ, 6.39 లక్షలు. రెండూ కొద్దికాలానికే కనుమరుగయ్యాయి. నేనెఱిగిన కారుప్రియులు ఆరుగురు ఆ అబార్త్‌ను ఆకాశానికెత్తారు. తీరా షోరూముకు వెళ్ళి ఆరుగురూ అడిగిన మొదటి ప్రశ్న "మైలేజీ ఎంత?" అని. అందులో అయిదుగురిప్పుడు ఎస్‌యూవీలు నడుపుతున్నారు. ఆఱవవాడి మొబైలు తెరమీద లాంబోర్గిని బొమ్మ ఉంది.