కడపటి ముక్క

జపాను దేశమున పని ముగించుకొని యిండ్లకు మరలు ఉద్యోగులు త్రోవలో ఆగు చిన్న భోజనశాలలకు 'ఇజకాయ' లని పేరు. 'ఇ' యనగా ఉండుట, 'సాకే' యనగా మద్యము, 'యా' యనగా అంగడి. 1603 మొదలు 1868 వరకు సాగిన ఎడో యుగమున మద్యము కొలిచి యమ్ము అంగళ్లలో జనులు కొన్నచోటనే త్రాగ నారంభింపగా, వర్తకులు నంజుకొనుటకు చవుక వంటకములు చేర్చిరి. ఆ యలవాటు నుండి పుట్టినవే యివి. మద్యము మాట యటుండనిండు; ఇరువది యేండ్లు నిండనివారికి అది అక్కడ చట్టముచే నిషిద్ధము. విద్యార్థులు గమనింపదగినవి బల్లమీది పళ్లెములు.

అక్కడ ఎవరి భోజనము వారు తెప్పించుకొనరు. ఉడికించిన పచ్చి సోయా కాయలు, చల్లని సోయా జున్ను, పుల్లలకు గ్రుచ్చి కాల్చిన కోడిమాంసము - ఇట్టివి నాలుగైదు ముక్కల చొప్పున చిన్న పళ్లెములలో వచ్చి బల్ల నడుమ నిలుచును. ప్రతివాని యెదుట అరచేయి యంత ఖాళీ పళ్లెము ఉండును. తెలుగువారికి వెంటనే ఎంగిలి తలంపునకు వచ్చును. ఆ శంక వారికిని లేకపోలేదు. వడ్డించుకొనుటకు వేరు పుల్లల జత నడిగి తెప్పించుకొనువారు కలరు. ఒకరి పుల్లలనుండి మరియొకరి పుల్లలకు ముక్క నందించుట మాత్రము మహాదోషము. దహనానంతరము బంధువులు అస్థుల నట్లే యందుకొందురు.

ఈ పద్ధతి నిలుచుటకు చవుకదనమే మూలము. 1985లో ఒసాకా ప్రాంతమున మొదలైన 'తోరికిజోకు' అను కోడిమాంసపు శాలలు చిరకాలము ప్రతి వంటకమును 280 యెన్నులకే యిచ్చినవి. 2017లో 298 యెన్నులు చేయగా, ఆ పదునెనిమిది యెన్నులు పత్రికలకెక్కినవి. తరువాత గిరాకియు తగ్గెను. అన్నిటికిని ఒకే ధర యైనచోట, కోరిన వంటకమునుబట్టి స్నేహితుని జేబు కొలుచు నవకాశము లేదు. అల్పవేతనపు గుమాస్తాకు ఇంతకంటె మర్యాద యేమి కావలెను?

అయినను పంచుకొనుట యంతయు న్యాయమని భ్రమింపరాదు. లెక్కను తలకింత యని సమముగా చీల్చుదురు. తేనీరు మాత్రము త్రాగినవాడు ఐదు పాత్రలు త్రాగినవానితో సమానముగా చెల్లించును. పచ్చికూరలు అందఱికి వడ్డించు పని చిన్న యుద్యోగినిపై బడుట గూర్చి విమర్శ కలదు, అది యుక్తమే. వేచిన కోడిముక్కలపై ఎవరినీ అడుగక నిమ్మకాయ పిండవచ్చునా యను తగవు 2017లో ఒక టెలివిజను నాటకమున చాల సేపు నడచి ప్రసిద్ధి కెక్కెను. నవ్వులాటగా దోచునేగాని, పిండిన నిమ్మరసము మరల తీయరాదు. ఉమ్మడి పళ్లెముపై ఒకరి యుపకారము మరియొకరికి బలవంత మగుట కింతకంటె మంచి యుదాహరణము దొరకదు.

కరోనా వ్యాధి కాలమున, 2020 మే నెలలో, జపాను ఆరోగ్యశాఖ ప్రజలకు నూతన జీవనవిధానమును సూచించుచు, పెద్ద పళ్లెములు వలదనియు, ఎవరి వంటకము వారికే వేఱుగా నుండవలెననియు, ఎదురెదురుగా గాక ప్రక్కప్రక్కన కూర్చుండుడనియు, మాటలు తగ్గింపుడనియు, ఒకరి పాత్ర నొకరు నింపవలదనియు జెప్పెను. ఖాళీయైన పొరుగువాని పాత్రను కనిపెట్టి నింపుటయే అక్కడి మర్యాద. తన పాత్ర తాను నింపుకొనుట సాధారణముగా నుండదు. ఆ నిషేధములు ఆవశ్యకములే. కాని వానిని వరుసగా చదివినచో ఇజకాయ యనగా నేమో ఆ జాబితాయే చెప్పును. 2023 మే 8న ఆ వ్యాధిని సాధారణ వ్యాధుల శ్రేణిలో చేర్చిరి. పళ్లెములు మరల బల్ల నడుమకు వచ్చినవి.

వానితో పాటు పాత చిక్కును వచ్చినది. పళ్లెమున కడపటి ముక్క మిగులును, ఎవ్వరును ముట్టరు. ఒసాకా ప్రాంతపువారు దానికి 'ఎన్‌ర్యో నో కతమారి' యని పేరిడిరి - మొగమాటపు ముద్ద యని యర్థము. ఆకలి తీరనివాడు అక్కడనే యుండును, అందఱికిని తెలియును, అతడును చేయి చాపడు. పరిచారకుడు ఖాళీ పళ్లెములు తీయవచ్చి, ఆ ముక్కను జూచి, దీనిని తీయవచ్చునా యని యడుగును. అప్పుడు నలుగురును ఒకరి మొగ మొకరు చూచుకొందురు.