సిబిల్ ఇంటిపేరు

వార్షికోత్సవ సంచికకు సైన్స్ ఫిక్షన్ నవల గురించి రాస్తానంటే మన హాస్టల్ చెల్లెళ్లు నవ్వారు. "అక్కా, ఏలియన్సా?" అన్నారు. కాదమ్మా. ఇందులో ఒక పేదింటి అమ్మాయి ఉంది. ఆమె కథను 145 ఏళ్ల తేడాతో రెండుసార్లు రాశారు.

నవల పేరు 'ది డిఫరెన్స్ ఇంజిన్'. 1990లో వచ్చింది. విలియం గిబ్సన్ కెనడాలో, బ్రూస్ స్టెర్లింగ్ టెక్సాస్‌లో ఉండి, ఫ్లాపీ డిస్కులు పంపుకుంటూ ఒకరు రాసింది ఇంకొకరు దిద్దుతూ పూర్తి చేశారు. చార్లెస్ బాబేజ్ పేరు కంప్యూటర్ పాఠం మొదటి పేజీలోనే చదివాం కదా. ఆయన యంత్రం ఆయన బతికుండగా పూర్తికాలేదు. ఒకవేళ పూర్తయి ఉంటే? ఆ ఊహతోనే ఈ నవల కట్టారు. 1855 నాటికే లండన్‌లో ఆవిరితో నడిచే కంప్యూటర్లు ఉంటాయి. పుట్టుకతో వచ్చే ప్రభువుల పెత్తనం పోయి, ప్రతిభ ఉన్నవాళ్లే ప్రభువులవుతారు. బాబేజ్, డార్విన్ అందరూ లార్డులే.

ఆ రాజ్యంలో సిబిల్ గెరార్డ్ అనే అమ్మాయి ఉంది. ఈమె రచయితలు పుట్టించిన మనిషి కాదు. 1845లో బెంజమిన్ డిజ్రేలీ రాసిన 'సిబిల్' నుంచి వచ్చింది. ధనికులు, పేదలు ఒకే దేశంలో ఉన్న రెండు జాతులని చెప్పిన నవల అది. డిజ్రేలీ తర్వాత బ్రిటన్ ప్రధాని అయ్యాడు. కార్మికుల బాధలు తెలుసుకోవడానికి ప్రభుత్వ నివేదికలు తిరగేశాడు, అది కాదనను. కానీ ముగింపు చూడండి. కార్మిక నాయకుడి కూతురు సిబిల్ నిజానికి గొప్ప ఎస్టేటుకు వారసురాలని తేలుతుంది! ఆ తర్వాతే ప్రభు వంశపు ఎగ్రిమాంట్‌తో పెళ్లి. మన పాత సినిమాల్లో గుడిసెలో పెరిగిన హీరోయిన్ చివరి రీలులో జమీందారు కూతురైనట్టే. పేదపిల్ల పేదపిల్లగానే గెలవడం ఆయనకు ఊహకు రాలేదు.

గిబ్సన్, స్టెర్లింగ్ ఆ ఎస్టేటును పీకేశారు. వీళ్ల నవలలో సిబిల్ తండ్రిని ఉరితీశారు. ఎగ్రిమాంట్ ఆమెను వాడుకుని వదిలేసి పార్లమెంటు సభ్యుడయ్యాడు. డిజ్రేలీ మాత్రం ప్రధాని కాదు, పొట్టకోసం రాసుకునే పత్రికా రచయిత! మెరిట్ రాజ్యం వచ్చినా సిబిల్ తండ్రి పేరు దాచుకుని సిబిల్ జోన్స్‌గా బతుకుతుంది. ఎందుకంటే మనుషుల వివరాలన్నీ ఆ యంత్రాల దగ్గర కార్డుల మీద ఉంటాయి.

ఇక్కడ నేను పుస్తకం మూసేశాను. పీజీలో చేరిన కొత్తలో ఎవరో మా నాన్న ఏం చేస్తారని అడిగితే "బిజినెస్" అన్నాను. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. బస్తాకింత అని కూలి. ఆ డబ్బుతోనే నా ఫీజు కట్టాడు. హాస్టల్లో చదివానని కూడా చెప్పలేదు. మార్కులు చూసి సీటిచ్చారు కదా, మరి ఎందుకు భయపడ్డాను? సీటు తెచ్చింది ర్యాంకే, కానీ అడిగినవాళ్లు అడిగింది ర్యాంకు కాదు. సిబిల్‌కు ఉరితీసిన తండ్రి పేరు ప్రమాదం. నాకు ఆ సాకు కూడా లేదు.

చదవాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇంగ్లీషు కష్టంగా ఉంటుంది. మొదటి భాగం అయ్యాక సిబిల్ చాలాసేపు కనిపించదు. పురాతన జంతువుల ఎముకలు తవ్వే పండితుడి గొడవలు పేజీలకు పేజీలు సాగుతాయి. నేను కొన్ని దాటేశాను. నా కాపీ హాస్టల్ లైబ్రరీకి ఇస్తున్నాను, లోపల మొదటి పేజీలో నాన్న పేరుతో సహా నా పూర్తి పేరు రాసి.