నికోబార్ వాళ్ల ఊళ్లు వాళ్లకి ఎందుకివ్వరు?



సునామీ అనగానే మనకి చెన్నై, నాగపట్నం గుర్తొస్తాయి. కానీ 2004 డిసెంబర్ 26న సుమత్రా పక్కన సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కదిలినప్పుడు, మన దేశంలో దానికి అందరికన్నా దగ్గరగా ఉన్నది నికోబార్ ఆదివాసీలు. అక్కడ అల రావడమే కాదు, నేలే కుంగింది. గ్రేట్ నికోబార్ దక్షిణ కొసన ఇందిరా పాయింట్ దగ్గర భూమి నాలుగు మీటర్లకు పైగా దిగిపోయి, లైట్‌హౌస్ మొదలు నీళ్లలో పడింది. ఒడ్డున ఉన్న ఊళ్లు, కొబ్బరితోటలు, పందులు అన్నీ పోయాయి.

బతికినవాళ్లని క్యాంప్‌బెల్ బే వైపు తెచ్చి రేకుల షెడ్లలో పెట్టారు. తర్వాత రాజీవ్ నగర్, న్యూ చింగెన్ కాలనీలు. వాళ్లలో తోట ఒక్కడిది కాదు, తుహేత్ అనే పెద్ద ఉమ్మడి కుటుంబానిది. సర్కారు పరిహారం మాత్రం చిన్న కుటుంబాల లెక్కన పంచింది. అలతో పోనిది చెక్కుతో పోయింది! "మా ఊళ్లకి మమ్మల్ని పోనివ్వండి" అని ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ నేల మీదికి ఏం వస్తుందో తెలుసా? గలతియా బేలో భారీ ఓడరేవు, ఎయిర్‌పోర్టు, పవర్ ప్లాంటు, లక్షల మందికి టౌన్‌షిప్. 130 చదరపు కిలోమీటర్ల అడవి పోతుంది. లోపల అడవిలో రెండు మూడు వందల మంది షోంపెన్లు ఉన్నారు, బయటివాళ్ల జబ్బులకి తట్టుకోలేని జనం. 2022లో ట్రైబల్ కౌన్సిల్ ముందు ఒప్పుకుంది. సునామీకి ముందున్న తమ ఊళ్ల భూమి కూడా ఇందులో పోతుందని తెలిశాక, నవంబర్‌లో ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకుంది. అప్పటికే పర్యావరణ అనుమతి వచ్చేసింది.

ఒడ్డున ప్రమాదం అంటారా? అది భూకంపాల లెక్కలో అయిదో జోన్. సొంతూరికి పోయే వందల మందికి ప్రమాదమైతే, బయటినుంచి తెచ్చే లక్షల మందికి కాదా? పైగా ప్రమాదం సంగతి ఆదివాసీకి నేర్పాలా! ఆ రోజు లిటిల్ అండమాన్‌లో ఓంగీలు సముద్రం వెనక్కి పోవడం చూసి మెరకకి ఎక్కారు, బతికారు.

పోలవరం ముంపులో మనవాళ్లని లేపిన తీరు చూసినోళ్లకి ఇది కొత్త కాదు. అక్కడ కాలనీ చూపించారు, అడవి చూపించలేదు. రేపు మీ గ్రామసభకి తీర్మానం పుస్తకం పట్టుకొని ఎవరైనా వస్తే, సంతకం కంటే ముందు మ్యాప్ అడగండి. ఏ సర్వే నంబర్, ఎన్ని ఎకరాలు, ఏ ఊరు అన్నది మన భాషలో చదివి వినిపించమనండి. వినిపించేదాకా పెన్ను పట్టొద్దు.