సీటు వచ్చింది సరే, ఏ కోటాలో?

ఈ వారం వంటింటిని కాస్త పక్కన పెడదాం. ఇంటర్ ఫలితాలు వచ్చిన ఇళ్లల్లో పొయ్యి మీద పప్పు మాడినా ఎవరికీ పట్టదు కదా!

మా పెద్దమ్మాయి సంగతి చెబుతాను. ఎంసెట్‌లో (మన రాష్ట్రంలో 2021 నుంచి ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు ఓ మోస్తరుగా వచ్చింది. ఆప్షన్లు అయిదే పెట్టింది, అన్నీ కంప్యూటర్సే. ఒక్కటీ రాలేదు. కౌన్సెలింగ్ ముగిశాక ఒక కాలేజీ వాళ్లే ఫోన్ చేసి, "స్పాట్‌లో సీటుందమ్మా, ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం" అన్నారు. సంతోషంగా చేర్చేశాం. తీరా చూస్తే స్పాట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు! నాలుగేళ్లూ మేమే కట్టుకున్నాం. బంగారానికి పేరుపడిన ప్రొద్దుటూరులో కాపురముంటూ చేతి గాజులు కుదువ పెట్టుకున్నాను. ఆ రోజు అంగట్లో నన్నెవరు చూస్తారోనని కొంగు తల మీదికి లాక్కున్నాను.

అందుకే చెబుతున్నా. సీటు వచ్చిందనగానే స్వీట్లు పంచకండి, ఏ కోటాలో వచ్చిందో అడగండి. కన్వీనర్ కోటా అయితేనే ఫీజు వస్తుంది. మేనేజ్‌మెంట్ కోటాకూ, స్పాట్‌కూ, దూరవిద్యకూ రాదు. ఆప్షన్లు పెట్టేటప్పుడు పిసినారితనం వద్దు. బిడ్డకు ఇష్టమైనవి పైన పెట్టి, సరేననుకున్నవి కింద వరసగా పెట్టుకుంటూ పోవాలి. మన ఊళ్లోనే యోగి వేమన విశ్వవిద్యాలయం వారి వైఎస్సార్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. దగ్గరి కాలేజీ అయితే చులకన ఎందుకో నాకర్థం కాదు.

రెండో అమ్మాయితో నలభై ఆప్షన్లు పెట్టించాను. కన్వీనర్ సీటే వచ్చింది గానీ అడిగిన బ్రాంచి కాదు. రెండు రోజులు అన్నం తినలేదు. "అక్కకు కొన్నారు, నాకు కొనరా?" అనింది. ఏం చెప్పేది? గాజులు ఇంకా విడిపించలేదని చెప్పలేకపోయాను. ఇష్టం లేని చదువు చదవమనడం తప్పే కావచ్చు. అయినా చేర్చాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే గుండె కలుక్కుమంటుంది.

ఇక కాగితాల సంగతి. ఇంటి ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. 2019 ఉత్తర్వుల్లో మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు అని హద్దు పెట్టారు. సొంత కారు ఉండరాదన్నారు. ట్రాక్టరు, ఆటో, టాక్సీలకు మినహాయింపు ఇచ్చారు. కొన్నేళ్లు ఫీజు డబ్బు తల్లుల ఖాతాలో పడింది. 2024-25 నుంచి నేరుగా కాలేజీకే అన్నారు కాబట్టి, మన పాసుబుక్కులో కనబడలేదని కంగారు పడొద్దు. కాలేజీలోనే విచారించండి.

హాజరు 75 శాతం ఉండాలి. ఇది మాత్రం పూర్తిగా మన చేతుల్లోనిదే. చిన్నాయన కొడుకు పెళ్లని మూడు రోజులు, ఇంటికి చుట్టాలొచ్చారని రెండు రోజులు, జాతరని ఇంకో రెండు రోజులు ఆడపిల్లనే ఆపేస్తాం. మగపిల్లాణ్ణి ఆపుతామా? నేనూ ఆపిన దాన్నే, కాదనను.

ఇంకొకటి. డిగ్రీ ఒకటి పూర్తిచేసి, నచ్చలేదని మళ్లీ అదే స్థాయిలో ఇంకో డిగ్రీలో చేరితే స్కాలర్‌షిప్పు రాదు. బీకాం అయ్యాక బీఏ అన్నమాట. కాబట్టి ఏ డిగ్రీ అన్నది చేరకముందే తేల్చుకోవాలి. ఎదురింటి వదిన కొడుకు ఆ మాటే పట్టుకుని ఇంట్లో రోజూ గొడవట. ఆమెను రేపు మధ్యాహ్నం రమ్మన్నాను, ఆదాయ ధ్రువపత్రం, ఇంటర్ మార్కుల జాబితా చేతిలో పట్టుకుని.