పీపాలో పొట్టి చెక్క

పంట దిగుబడిని నిర్ణయించేది నేలలో పుష్కలంగా ఉన్న పోషకం కాదు, అన్నిటికన్నా కొరతగా ఉన్న పోషకం. 1828లో స్ప్రెంగెల్ చెప్పిన ఈ సూత్రాన్ని తర్వాత లీబిగ్ లోకమంతా ప్రచారం చేశాడు. అందుకే అది లీబిగ్ పేరు మీదనే చెలామణీ అవుతోంది. పుస్తకాల్లో దీన్ని ఒక చెక్కపీపా బొమ్మతో చూపిస్తారు. చెక్కలన్నీ ఎత్తుగా ఉండి ఒక్కటి పొట్టిగా ఉంటే, ఎన్ని బిందెలు పోసినా నీరు ఆ పొట్టి చెక్క ఎత్తువరకే నిలుస్తుంది. జింకు లోపించిన వరిచేలో యూరియా బస్తాలు గుమ్మరించినా జరిగేది ఇదే.

తక్కువ డబ్బుతో ఆటల కంప్యూటరు కూర్చుకోవాలనుకునే విద్యార్థి తెలుసుకోవలసిన శాస్త్రమంతా ఈ ఒక్క బొమ్మలో ఉందని నా అభిప్రాయం. మన మిత్రులు చాలామంది ఒక్క చెక్కను ఆకాశమంత పెంచి, మిగిలినవాటిని గాలికి వదిలేస్తున్నారు.

"ఫీజులకే అప్పులు తెస్తుంటే, ఆటలకి కంప్యూటరేమిటయ్యా!" అని పెద్దలు కోప్పడవచ్చు. వారి కోపంలో న్యాయం ఉంది. మాలో చాలామందికి ఆ డబ్బు వచ్చేది పంట అమ్మకం నుంచో, అన్నయ్య జీతం నుంచో, సెలవుల్లో చెప్పిన ట్యూషన్ల నుంచో. కాని ఆటల కోసం పుట్టిన గ్రాఫిక్స్ కార్డు ఆటలతో ఆగిపోలేదన్న సంగతి కూడా వారు గమనించాలి. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో క్రిజెవ్‌స్కీ, సుట్‌స్కెవర్, హింటన్‌లు బొమ్మలను గుర్తుపట్టే అలెక్స్‌నెట్‌కు శిక్షణ ఇచ్చింది రెండు జీటీఎక్స్ 580 కార్డుల మీద. అవి బజారులో ఆటగాళ్లకు అమ్మే కార్డులే. కాబట్టి కొనడమే పాపమని నేననుకోను. పరాయి కష్టం మీద వచ్చిన రూపాయిని ఆలోచన లేకుండా ఖర్చు పెట్టడమే పాపం.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? ముందుగా ఒక కాగితం తీసుకుని రెండు విషయాలు రాయండి: ఏ ఆటలు ఆడతాం, ఏ తెర మీద ఆడతాం. 1920 × 1080 తెర మీద దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. 2560 × 1440 తెర మీద 36.9 లక్షలు. 4కే తెర మీద 82.9 లక్షలు, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కొక్క బొమ్మ తయారీకి దొరికే వ్యవధి 16.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలో కార్డు ఎన్ని చుక్కలకు రంగు వేయాలో తెరే చెబుతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఆటలు ప్రాసెసరు చురుకుదనాన్ని ఎక్కువ కోరతాయి. సైబర్‌పంక్ 2077 వంటివి కార్డును పిండేస్తాయి. తక్కువ డబ్బువాళ్లకు 1080 తెరే తగినది. ఈ నిర్ణయం ఒక్కటి ముందే జరిగిపోతే సగం ఖర్చు మిగిలినట్టే.

ఇక మొత్తం సొమ్ములో పెద్ద వాటా, నా మటుకు నాకు వందకు ముప్పై అయిదు నలభై దాకా, కార్డుకే పోవాలి. ఇక్కడ పేరు చూసి మోసపోయేవారు ఎక్కువ. జీటీ 1030 అనే కార్డు 2017లో జీడీడీఆర్5 మెమొరీతో వచ్చింది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమొరీతో మరొకటి వచ్చింది. రెండోదాని మెమొరీ వేగం మొదటిదానిలో మూడో వంతు మాత్రమే. ఆర్‌టీఎక్స్ 3050 కథా అంతే. 2022 నాటి 8 జీబీ కార్డుకూ, 2024లో వచ్చిన 6 జీబీ కార్డుకూ తేడా రెండు జీబీలే అనుకుంటారు. నిజానికి లోపలి కోర్లు 2560 నుంచి 2304కు, మెమొరీ దారి 128 బిట్ల నుంచి 96 బిట్లకు తగ్గాయి. ఒకే పేరు బస్తాలో రెండు రకాల విత్తనాలన్నమాట! సంచి మీద అచ్చు చూసి విత్తనం కొనకూడదని ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు.

జోడీ కుదరకపోవడం మరో చిక్కు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు బోర్డుతో మాట్లాడేది నాలుగే దారుల మీద. నాలుగో తరం పీసీఐఈ ఉన్నచోట అది ఎలాగో నెట్టుకొస్తుంది. రైజెన్ 5 5600జీ ప్రాసెసరు ఇచ్చేది మూడో తరమే కనుక, ఆ రెంటినీ కలిపితే నాలుగు దారుల వేగమూ సగమైపోతుంది. విడివిడిగా చూస్తే రెండూ పనికొచ్చే వస్తువులే. ఒకే కాడికి కడితేనే బండి నడవదు. అదే 8 జీబీ ఆర్‌ఎక్స్ 6600కు 2022లో వచ్చిన రైజెన్ 5 5600, లేదా కోర్ ఐ3 12100ఎఫ్ చక్కగా అమరుతాయి. ఆరు కోర్లు, నాలుగు కోర్లు గల ఈ సామాన్యుల పక్కన ఉండి కూడా ఆ కార్డు తన శక్తిని చూపగలదు. 'ఎఫ్' అక్షరం ఉన్న ప్రాసెసరులో బొమ్మలు చూపించే భాగం ఉండదు, కార్డు లేకపోతే తెర చీకటే అన్నది మాత్రం మరచిపోకండి.

కార్డుకు డబ్బు చాలకపోతే? చెత్త కార్డు కొనవద్దు. 5600జీ వంటి, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసరుతో మొదలుపెట్టి, తేలిక ఆటలు ఆడుకుంటూ, మంచి కార్డుకు కూడబెట్టుకోండి. అయితే దానికి సొంత మెమొరీ లేదు, ర్యామ్‌నే అరువు తెచ్చుకుంటుంది. కనుక 16 జీబీ ముక్క ఒకటి కాకుండా 8 జీబీ ముక్కలు రెండు వేయాలి. ఒకే గేటుకన్నా రెండు గేట్లు తెరిస్తే కాలువలో నీరు ఎక్కువ పారుతుంది కదా. ఆ మాటకొస్తే ఏ కంప్యూటరుకైనా ఇది మంచిదే. డిస్కు విషయంలో చర్చే లేదు: చిన్నదైనా సరే ఎస్‌ఎస్‌డీ ఉండాలి.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ పొదుపు చేసేదీ, ఎవరూ చేయకూడనిదీ పవర్ సప్లై దగ్గర. లెక్క వేయండి: ఆర్‌ఎక్స్ 6600 తీసుకునేది 132 వాట్లు, రైజెన్ 5600 గరిష్ఠంగా 76, బోర్డూ ఫ్యాన్లూ డిస్కూ కలిపి ఓ 50 అనుకుందాం. మొత్తం 258. నమ్మకమైన 500 వాట్ల పెట్టె దీనికి ధారాళంగా చాలు. కాని పై డబ్బా మీద '750' అని అచ్చేసిన చవకబారు పెట్టె నిజంగా ఎంత ఇస్తుందో దేవుడికే తెలియాలి. 80 ప్లస్ ముద్ర ఉందిగా అంటారు. ఆ ముద్ర చెప్పేది ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందన్నదే. ఓల్టేజి పెరిగినా, షార్టయినా తక్కిన భాగాలను కాపాడుతుందన్న హామీ అందులో లేదు. పంపుసెట్లు ఒక్కసారిగా వేయగానే బల్బులు మసకబారే ఊళ్లు మనవి. అటువంటి చోట పెట్టె ఎంత తక్కువ ఓల్టేజికి తట్టుకుంటుందో చూసి కొనాలి, ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో చూసుకోవాలి. పెట్టె దగ్గర మిగుల్చుకున్న వెయ్యి రూపాయలు కార్డునూ బోర్డునూ కలిపి కాల్చేస్తే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే.

ఆ వెయ్యి ఎక్కడికి పోతోందో తెలుసా? రంగురంగుల లైట్లకి! అద్దాల క్యాబినెట్టు, ఇంద్రధనుస్సులా వెలిగే ఫ్యాన్లు. పైన పటారం, లోన లొటారం. గాలి బాగా ఆడే మామూలు ఇనుపపెట్టె చాలు. లైట్లు ఒక్క బొమ్మ కూడా అదనంగా గీయవు.

వాడిన సరుకు మాటేమిటి? నేను దానికి వ్యతిరేకిని కాను. 2022 సెప్టెంబరులో ఎథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో, రాత్రింబవళ్లు తవ్వకానికి వాడిన కార్డులెన్నో అమ్మకానికొచ్చాయి. మన కళ్లెదుట అరగంట ఆట నడిపించి, ఫ్యాన్ల చప్పుడు, వేడి చూసి కొనవచ్చు. ఆఫీసులు వదిలించుకున్న పాత కంప్యూటరుకు కార్డు తగిలిద్దామనుకునేవారు మాత్రం రెండుసార్లు ఆలోచించాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎనిమిదో తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపు ఏవీ విండోస్ 11 జాబితాలో లేవు. వాటిలో చాలావరకు పవర్ సప్లై కూడా చిన్నదే.

ఒకరి జాబితాను ఇంకొకరు కాపీ కొట్టడం పరీక్షలోనే కాదు, ఇక్కడా ప్రమాదమే. 2025 చివరి నెలల్లో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమొరీ ధరలు చూస్తుండగానే ఎగబాకాయి. ఆర్నెల్ల కిందటి జాబితా ఆ దెబ్బకు చిత్తు కాగితమైపోయింది. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా నాలుగు దుకాణాల్లో ధర అడగండి. రసీదు, వారంటీ కాగితం లేనిదే కదలకండి. డబ్బు చాలలేదని కంతులకు మాత్రం ఎగబడవద్దు. అప్పు చేసి పప్పుకూడు తిన్నా కడుపైనా నిండుతుంది; ఇక్కడ నిండేది వడ్డీ ఖాతా మాత్రమే.

కనుక మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే. కొనబోయే ముందు మీ జాబితాను ముందు పెట్టుకుని అందులో పొట్టి చెక్క ఏదో వేలు పెట్టి చూపించండి. చూపించగలిగితే, ఉన్న డబ్బులోంచి ముందు దాన్ని పెంచి, ఆ తర్వాతే బజారుకు వెళ్లండి. చూపించలేకపోతే ఇంకో నెల ఆగండి. ఆటలెక్కడికీ పోవు.

— బి.ఎస్సీ. విద్యార్థి