కలియాక్రా: కోర్టుకెక్కిన గడ్డినేల

బల్గేరియా 2025 జనవరి 1న పూర్తిస్థాయి షెంజెన్ దేశమైంది. 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరోనే చెల్లుతోంది. జర్మనీ, నెదర్లాండ్స్‌లలో రెసిడెన్స్ పర్మిట్‌తో ఉంటున్న మన కుటుంబాలకు నల్ల సముద్ర తీరం ఇప్పుడు మరింత సులువైన ప్రయాణం. వెళ్లేవారు వర్నా బీచ్‌లతో సరిపెట్టుకోకుండా, ఉత్తరాన కవర్నా దాటి కలియాక్రా దాకా వెళ్లాలి.

అక్కడ ఏముంది? 70 మీటర్ల ఎత్తున నిట్టనిలువుగా లేచిన కొండ అంచు, పాత కోట గోడలు, పైన స్టెప్పీ గడ్డి మైదానం. 1941 నుంచీ ఇది రక్షిత ప్రాంతం. వసంతంలో గడ్డి మధ్య ఎర్రటి అడవి పియోనీలు పూస్తాయి. శరదృతువులో వలస పక్షులు ఈ దారినే దక్షిణానికి సాగిపోతాయి. సైబీరియా నుంచి వచ్చే ఎర్రరొమ్ము పెద్దబాతులు చలికాలం ఈ చుట్టుపక్కల పొలాల్లోనే గడుపుతాయి.

అయితే చెట్టూ చేమా లేని చోటు ఎవరికైనా ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది. ఇక్కడా అదే జరిగింది. చుట్టుపక్కల గాలిమరలకు, గోల్ఫ్ రిసార్టుకు అనుమతులిచ్చారు. యూరోపియన్ కమిషన్ కేసు వేసింది. పక్షులకు అవసరమైన ప్రాంతమంతా రక్షణ పరిధిలోకి తేలేదని, అనుమతులివ్వడం నిబంధనలకు విరుద్ధమని యూరప్ న్యాయస్థానం 2016 జనవరి 14న బల్గేరియాను తప్పుపట్టింది.

గాలి కరెంటు చెడ్డదని ఎవరూ అనరు. మర ఎక్కడ పెట్టాలన్నదే అసలు తగువు. మన దేశంలోనూ ఇదే తగువు నడిచింది. బట్టమేక పక్షులు తీగలకు తగిలి చనిపోతున్నాయని, రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు లైన్లను భూమిలోంచి వేయాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. అది అంతటా సాధ్యం కాదన్న వాదన విని 2024లో ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీకి అప్పగించింది.

బట్టమేక మనకు పరాయిదేమీ కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో దాని కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడక్కడ అది కనబడటమే గగనం. గడ్డినేలను ‘బంజరు’ అని పిలవడం మనకూ అలవాటే కదా!

కలియాక్రా వెళ్తే కారును గడ్డి మీదికి ఎక్కించకండి. కాలిబాట దాటకండి, పిల్లలను పువ్వులు కోయనివ్వకండి. తిరిగొచ్చేటప్పుడు బట్టమేక కథ కూడా వాళ్లకు చెప్పండి.