పక్షిరాజు కళ్లే కళ్లా?

చలికాలం వచ్చిందంటే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా పులికాట్ సరస్సు పక్షులతో నిండిపోతుంది. కాస్త ఉత్తరాన నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుంటాయి. 2022లో జిల్లాల విభజనతో ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినా, నెల్లూరు తీరంలో ఉన్న మనకు అవి ఇప్పటికీ మన పక్షులే. ఆకాశ పక్షులను గమనించి నేర్చుకొమ్మని ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పారు. వాటి పక్కనే కాపురమున్న మేము, అంటే దైవసేవకులం, వాటిని నిజంగా గమనించామా?

మా ప్రసంగాల్లో ఒకే పక్షికి చోటు. అది పక్షిరాజు. నలభయ్యో ఏట అది ముక్కును బండకేసి కొట్టుకుని విరగ్గొట్టుకుంటుందనీ, గోళ్లు, ఈకలు పీకేసుకుని మళ్లీ ముప్పై ఏళ్లు బతుకుతుందనీ చెప్పే కథ వినని సంఘం ఉండదు. మేమూ ఎన్నోసార్లు చెప్పాం. విన్నవాళ్లు ‘ఆమేన్’ అన్నారు. ఒకసారి యౌవనస్థుల కూటంలో ఒక కుర్రాడు లేచి, “అయ్యగారూ, ముక్కు లేకపోతే అది ఏం తిని బతుకుతుంది?” అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ కథ నిజం కాదు. ముక్కు విరిగిన పక్షి ఆకలితో చస్తుంది. పాత ఈకలు కొన్ని కొన్నిగా రాలి కొత్తవి వస్తుంటాయి, అంతే. దేవుణ్ణి మహిమపరచడానికి మన అబద్ధం సాయం అవసరం లేదు.

నిజంగా ఉన్నదే అంతకన్నా అద్భుతం. పక్షుల కళ్లనే చూడండి. మన కంటి లోపలి తెర మీద చూపు బాగా తేటగా ఉండే గుంట ఒక్కటే ఉంటుంది. గద్దకు ఒక్కో కంట్లో రెండేసి ఉంటాయి. అందుకే అంత ఎత్తు నుంచి ఎరను పసిగడుతుంది. గుడ్లగూబ కళ్లు గొట్టాల్లా ఉంటాయి, పక్కకు తిరగవు. కానీ మసక వెలుతురులో చూడగలవు. కళ్లు తిరగని లోటును మెడ తీరుస్తుంది. మన మెడలో ఏడు ఎముకలైతే దానికి పద్నాలుగు. తలను ఒక పక్కకు దాదాపు 270 డిగ్రీలు తిప్పగలదు. నీళ్లలో మునిగి కళ్లు తెరిస్తే మనకు అంతా మసకే. నీటికాకి తన కంటి కటకాన్ని కండరాలతో నొక్కి ఆకారం మార్చుకుని, నీళ్లలో చేపను స్పష్టంగా చూస్తుంది. కొన్ని బాతులకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి గనక, తల తిప్పకుండానే తమ చుట్టూ కనిపిస్తుంది. అయితే ముక్కు కొసన ఏముందో మాత్రం వాటికి సరిగా కనబడదు.

వీటిలో ఏది మంచి కన్ను? ఈ ప్రశ్నకు అర్థం లేదు. దేని పనికి తగిన కన్ను దానికుంది. కానీ సంఘంలో మనం గద్ద కళ్లకే పెద్దపీట వేస్తున్నాం. పెద్ద మందిరం, పెద్ద సభలు, పెద్ద ‘విజన్’ ఉన్నవాడే నాయకుడు. చీకట్లో కూర్చుని ఇతరుల కోసం ప్రార్థించే ముసలమ్మను, ఒక ఇంటి గొడవ లోతుకు దిగి నెమ్మదిగా సర్దే పెద్దాయనను కమిటీలో ఎవరూ లెక్కపెట్టరు. శరీరమంతా కన్నే అయితే వినేదెవరని అడిగిన పౌలు మాటను మనం ఇంకొంచెం పొడిగించుకోవాలి. కళ్లన్నీ గద్ద కళ్లే అయితే చీకట్లో చూసేదెవరు?

చివరిగా పులికాట్‌కు పేరు తెచ్చిన ఫ్లెమింగో. అది తలను తలకిందులు చేసి, బురదనీళ్లను ముక్కుతో వడకట్టుకుని తింటుంది. ఆ పనికి స్పర్శ చాలు, ముక్కు కొసను చూడాల్సిన అవసరమే లేదు. అయినా చిన్న ఫ్లెమింగో జాతిని పరీక్షించిన శాస్త్రవేత్తలు, దాని ముక్కు కొస రెండు కళ్లకూ కనబడుతుందని గమనించారు. ఎందుకు? తల్లీ తండ్రీ తమ గొంతులో ఊరే పాలలాంటి ద్రవాన్ని పిల్ల నోట్లో గురి తప్పకుండా చుక్కచుక్కగా పోయాలి. ఆ చూపు తన తిండి కోసం కాదు, పిల్ల ఆకలి కోసం అని వాళ్లు వివరించారు.

గొర్రెపిల్లలను మేపమని ఆజ్ఞ పొందిన మాకు ఉండాల్సిన కన్ను అదే. పదేళ్ల తర్వాత కట్టబోయే మందిరం మాకు కనబడుతోంది. మూడు వారాలుగా ఆరాధనకు రాని విధవరాలు మాత్రం కనబడలేదు. మేము చెప్పే కథలనూ, మేము చూడని మనుషులనూ కంటిని నిర్మించిన దేవుడు చూస్తూనే ఉన్నాడు.